జీతం లేనివారు ఇంట్లోని సామాన్లకు బీమా తీసుకోవడం ఎలా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజున మేము పెదవాల్తేరులో ఒక మేడమీద ఇంట్లో అద్దెకు ఉండేవాళ్ళం. సముద్రం వైపు కిటికీ అద్దాలు పగిలి గదుల నిండా వాన కొట్టింది. మర్నాడు బీరువా తెరిచి చూస్తే కింది అరలోని పట్టుచీరల రంగులు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఇంటి యజమానికి భవనంపై బీమా ఉంది కానీ మా సామాన్లకు లేదు. అంతకు ముందు ఏడాది ఒక ఏజెంటును అడిగినప్పుడు, "మీకు జీతం స్లిప్పు లేదు కదండీ, కష్టం" అన్నారు. నేను నమ్మి ఊరుకున్నాను. ఆ మాట సరైనది కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. గృహిణులు, ఉద్యోగం పోయినవారు, పింఛను లేని పెద్దలు, గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న పిల్లలు అదే మాట విని వెనుదిరగకూడదనే ఇది రాస్తున్నాను.

పెద్ద మొత్తానికి జీవిత బీమా తీసుకునేటప్పుడు ఆదాయం చూస్తారు, ఎందుకంటే అక్కడ భద్రత కల్పించేది ఆ ఆదాయానికే. సామాన్ల బీమాలో లెక్కకు వచ్చేది వస్తువుల విలువ మాత్రమే. 2023 జనవరి 1 నుంచి కొత్తగా తీసుకునే ప్రతి బీమాకూ కేవైసీ తప్పనిసరి కాబట్టి ఆధార్ వంటి గుర్తింపు పత్రం, పాన్ కార్డు దగ్గర ఉంచుకోవాలి. పాన్ లేనివారు దానికి బదులు, పాన్ లేదని తెలిపే ప్రకటన ఫారం నింపి ఇవ్వవచ్చు. ప్రపోజల్ ఫారంలో, అంటే బీమా దరఖాస్తులో, వృత్తి అన్న చోట గృహిణి అనో, ప్రస్తుతం ఉద్యోగం లేదనో ఉన్నది ఉన్నట్టు రాయండి. మొహమాటపడి లేని ఉద్యోగం రాస్తే, రేపు క్లెయిమ్ సమయంలో ఆ అబద్ధమే అడ్డు తగులుతుంది.

ముందుగా అడగవలసిన పాలసీ పేరు భారత్ గృహ రక్ష. బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశం మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా సంస్థలు దీన్ని ఒకే రకమైన షరతులతో ఇస్తున్నాయి. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్ అనే నాలుగు ప్రభుత్వ రంగ సంస్థల్లోనూ, ప్రైవేటు సంస్థల్లోనూ విచారించవచ్చు. మనలో చాలామంది అలవాటు కొద్దీ ఎల్‌ఐసీ ఏజెంటునే అడుగుతారు గానీ, అది జీవిత బీమా సంస్థ. బ్యాంకు ఖాతా నుంచి ఏటా 20 రూపాయలు తీసుకునే సురక్షా బీమా కూడా ప్రమాదంలో మనిషికి వర్తించేదే తప్ప ఇంట్లోని ఫ్రిజ్‌కు వర్తించేది కాదు.

సొంత ఇంటికి ఈ పాలసీ తీసుకుంటే, భవనం బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా, సాధారణ సామాన్లకు జాబితా ఇవ్వకుండానే రక్షణ కలుగుతుంది. అద్దెకు ఉండేవారు సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. అప్పుడు మొత్తం ఎంతో మనమే చెప్పాలి.

ఆ మొత్తాన్ని ఊహించి చెప్పకండి. ఒక నోటుపుస్తకం తీసుకుని గది తర్వాత గది తిరగండి. కొన్న ధర కాకుండా, అలాంటి వస్తువే ఈ రోజు కొత్తగా కొనాలంటే ఎంతవుతుందో రాయండి. ఫ్రిజ్‌ను కొంచెం ముందుకు జరిపితే వెనుక మోడల్, సీరియల్ నంబర్లున్న స్టిక్కరు కనిపిస్తుంది, దాన్ని ఫోటో తీయండి. వాషింగ్ మెషీన్, మిక్సీ, గ్రైండర్, మంచాలు, పరుపులు, బట్టలు, వంటింటి స్టీలు సామాను ఏదీ వదలకండి. నేను మొదటిసారి లెక్క వేసినప్పుడు వంటింటి గిన్నెల విలువే నన్ను ఆశ్చర్యపరిచింది. బిల్లులు, ఫోటోలు ఆ ఇంట్లోనే ఉంచకుండా ఊళ్ళో మరెవరైనా నమ్మకస్తుల ఫోనుకూ పంపి ఉంచాలి.

తుఫాను, వరద, పిడుగు, భూకంపం, అగ్ని ప్రమాదం, నీళ్ళ ట్యాంకు పగలడం ఈ పాలసీ పరిధిలోకి వస్తాయి. దొంగతనం విషయంలోనే చాలామంది పొరబడుతున్నారు. తుఫాను వంటి బీమా ఉన్న ప్రమాదం కారణంగా, అది జరిగిన 7 రోజుల లోపు వస్తువులు పోతేనే ఇందులో పరిహారం వస్తుంది. మామూలుగా తాళం పగలగొట్టి దోచుకుపోయే దొంగతనానికి విడిగా రక్షణ అడిగి తీసుకోవాలి. నగలు, వెండి సామాను విలువ ముందే ఒప్పుకుని ప్రత్యేకంగా చేర్పించుకోవాలి. నగదుకు రక్షణ ఉండదు. మన ఊరి ఉప్పుగాలికి ఏళ్ళ తరబడి తుప్పుపట్టిన ఏసీకి పరిహారం అడగడం కుదరదు, అది వాడకంలో వచ్చే అరుగుదల కిందికే వస్తుంది. ఇంట్లో డబ్బుకు బట్టలు కుడుతుంటే, ఆ కుట్టుమిషను సంగతి ఫారంలోనే చెప్పి, దానికి రక్షణ ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి.

ప్రీమియం అందిన తర్వాతే రక్షణ మొదలవుతుంది కాబట్టి, ఏజెంటు చేతికి నగదు ఇవ్వకుండా సంస్థ పేరు మీదే చెల్లించి రసీదు తీసుకోండి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక వచ్చేదాకా ఆగకుండా ఎండాకాలంలోనే ఈ పని ముగించడం మేలు.

నష్టం జరిగితే వెంటనే సంస్థకు తెలియజేయండి. నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు వచ్చి చూసేవరకు తడిసిన పరుపులను, పాడైన టీవీని పారేయకండి. క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి, ముందు ఆ సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయండి. అక్కడ న్యాయం జరగకపోతే ఐఆర్‌డీఏఐ వారి 155255 నంబరుకు ఫోను చేసి గానీ, వారి బీమా భరోసా వెబ్‌సైటులో గానీ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ వారికి బీమా తగాదాలను విచారించి పరిష్కరించే అంబుడ్స్‌మన్ హైదరాబాదులో ఉన్నారు. అక్కడ రుసుము లేదు, వకీలు అవసరమూ లేదు.