గ్లకోమా ఉన్నా లైసెన్స్ నిలుపుకోవాలంటే

40 ఏళ్లు దాటాక డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్‌కి డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ ఇవ్వాలి. అందులో అడిగేవి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని కారు నంబర్ ప్లేటు పోల్చుకోగలరా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తుందా, రేచీకటి ఉందా లాంటివి. నీటికాసులు, అదే గ్లకోమా, ఉన్నవాళ్లు చాలామంది వీటిలో తేలిగ్గానే పాసైపోతారు. అసలు చిక్కు అక్కడే, ఎందుకంటే ఈ జబ్బు సాధారణంగా ముందు తినేసేది పక్కచూపుని, ఎదురుగా ప్లేటు స్పష్టంగా కనిపిస్తూనే సందులోంచి దూసుకొచ్చే బైకు కనిపించకుండా పోవచ్చు.

అందుకే ఫారం పట్టుకుని నేరుగా వీధి చివరి క్లినిక్‌కి పోకండి. ముందు మీ కంటి డాక్టర్ దగ్గర ఫీల్డ్ టెస్ట్, అంటే పక్కచూపు ఎంతవరకు ఉందో చూసే పరీక్ష, చేయించుకోండి. గిన్నెలాంటి మెషీన్ ముందు గడ్డం ఆనించి, మధ్యలోని చుక్కనే చూస్తూ, పక్కన లైటు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. నిద్ర చాలక వెళ్తే రిజల్ట్ తేడాగా రావచ్చు, మళ్లీ చేయమని అడగడానికి మొహమాటం వద్దు. మామూలుగా ఒక్కో కంటికి విడిగా చేస్తారు, కాబట్టి రెండూ కలిపితే బండి నడపడానికి చూపు సరిపోతుందా అని సూటిగా అడగండి. రాత్రి డ్రైవింగ్ సంగతి విడిగా అడగాలి, గ్లకోమాకి వేసే పైలోకార్పిన్ చుక్కలు వాడేవాళ్లయితే మరీను, అది కంటిపాపని చిన్నది చేస్తుంది.

లైసెన్స్ గడువు తీరి ఏడాది దాటిందా, మళ్లీ డ్రైవింగ్ టెస్టే.