ఆన్‌లైన్ ఆటల వాయిస్ చాట్‌లో ఇంటి మోతను అదుపు చేసుకునే పద్ధతి

ఐదుగురు కలిసి ఆడే ఆటలో ఒకరి మైకు నుంచి వెళ్లే మోత మిగిలిన నలుగురికీ వినపడుతుంది, ఆ ఒక్కరికి మాత్రం వినపడదు. మన గదిలోని ఫ్యాను చప్పుడుకు మన చెవి ఏనాడో అలవాటు పడి ఉంటుంది కాబట్టి అది ఉన్నట్టే మనకు తోచదు.

నేను తిరుపతి బైరాగిపట్టెడలో అద్దె గదిలో ఉన్న రోజుల్లో చిత్తూరులోని మా పిన్ని కొడుకుతో కలిసి రోజూ వాలరెంట్ అనే కాల్పుల ఆట ఆడేవాణ్ని. ఒక రాత్రి వాడు కాపలా కాస్తున్న చోటికి ప్రత్యర్థి వెనకనుంచి వచ్చి కాల్చేశాడు. రౌండు ముగిశాక వాడు, "అన్నా, నీ ఫ్యాను మోతలో వాడి అడుగుల చప్పుడు నాకు యినపడ్లేదబ్బా" అన్నాడు. నా మైకు బాగానే ఉందని అప్పటిదాకా గట్టిగా నమ్మిన నేను, ఆ రాత్రే ఇరవై సెకన్లు రికార్డు చేసి విన్నాను. ఫ్యాను గాలి, వంటింట్లో గిన్నెల చప్పుడు, వీధిలో ఆటో తిరగడం, వీటన్నిటి అడుగున ఎక్కడో నా గొంతు ఉంది.

అందువల్ల ఏ సెట్టింగునైనా ముట్టుకునే ముందు మీ మైకు ఏమి పంపుతోందో మీరు వినాలి. ఆటకు కూర్చునే చోటే కూర్చుని, ఫ్యాను ఎప్పటి వేగంలోనే తిరుగుతుండగా, మొదటి పది సెకన్లు మౌనంగా ఉండి, తర్వాతి పది సెకన్లు ఆటలో మాట్లాడే గొంతుతోనే మాట్లాడి రికార్డు చేయండి. ఆడుతూ మాట్లాడుకోవడానికి డిస్కార్డ్ అనే యాప్ వాడేవారికి దాని వాయిస్ సెట్టింగుల్లోనే మైకు పరీక్ష ఉంటుంది, ఫోను వాడేవారికి మామూలు వాయిస్ రికార్డరు చాలు. మౌనంగా ఉన్న పది సెకన్లలో వినపడేది ఎడతెగని హోరా, ఉండుండి వచ్చే చప్పుడా అన్నది గుర్తించండి. ఈ రెండిటికీ మందు ఒకటి కాదు.

ఎడతెగని హోరులో మొదటిది ఫ్యాను. మే నెలలో తిరుపతిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, ఫ్యాను ఆపి ఆడమని నేను చెప్పను. మార్చవలసింది మైకు ఉన్న చోటు. నోటికీ మైకుకూ మధ్య దూరం సగం చేసిన ప్రతిసారీ మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గదంతా పరుచుకున్న ఫ్యాను హోరు మాత్రం దాదాపు ఉన్నంతే ఉంటుంది. అంటే 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకును 5 సెంటీమీటర్లకు తెస్తే, పైసా ఖర్చు లేకుండా మీ మాట ఫ్యాను కన్నా 12 డెసిబెల్స్ మేర పైకి లేస్తుంది. ఇంత మేలు చేసే పని ఇంకొకటి లేదని నా అభిప్రాయం. అయితే మైకును నోటికి ఎదురుగా పెట్టకూడదు. ప, ఫ, భ అక్షరాలు పలికినప్పుడు వెలువడే ఊపిరి నేరుగా తగిలి ధబ్ ధబ్ మంటుంది కనుక, పెదవి మూలకు రెండు మూడు వేళ్ల దూరంలో, కాస్త పక్కగా ఉంచాలి. మైకును దగ్గరికి తెచ్చాక దాని లెవెల్ తగ్గించడం మరిచిపోవద్దు. విండోస్‌లో మైక్రోఫోన్ బూస్ట్ 20 డెసిబెల్స్ మీదనో 30 మీదనో ఉంటే అది మీ గొంతుతో పాటు ఫ్యానునూ అంతే పెంచుతుంది, దాన్ని సున్నాకు దించండి.

ఫ్యాను చప్పుడు వేరు, ఫ్యాను గాలి వేరు. టేబుల్ ఫ్యాను గాలి మైకుకు నేరుగా కొడితే వచ్చే బరబర శబ్దం సాఫ్ట్‌వేరుకు సరిగా లొంగదు. ఫ్యానును పక్కకు జరిపి, మైకుకు స్పాంజి తొడుగు వేయండి. తీగలోనే మైకు ఉన్న ఇయర్‌ఫోన్లతో ఫోనులో బీజీఎంఐ లాంటి ఆటలు ఆడేవారికి ఇంకొక ఇబ్బంది ఉంది. తల తిప్పినప్పుడల్లా ఆ మైకు చొక్కా గుండీకి రాసుకుని, అవతలివారికి గోనెసంచి ఈడ్చినట్టు వినపడుతుంది. తీగను ఒక చిన్న క్లిప్పుతో కాలరుకు బిగిస్తే ఆ రాపిడి ఆగిపోతుంది.

ఇక హోరును గడప దగ్గరే ఆపే ఏర్పాటు ఇన్‌పుట్ సెన్సిటివిటీ. ఒక మట్టం కన్నా తక్కువ శబ్దం వస్తే మైకు మూసుకుపోతుంది, మించితే తెరుచుకుంటుంది. డిస్కార్డ్‌లో ఆటోమేటిక్ తీసేసి, మీరు మౌనంగా ఉన్నప్పుడు పట్టీ ఎంతవరకు ఎగురుతోందో చూసి, గీతను అంతకు కొంచెం పైన పెట్టాలి. తర్వాత ఇంట్లోవాళ్లు నిద్రపోతున్నప్పుడు మీరు ఎంత మెల్లగా మాట్లాడతారో అంత మెల్లగా మాట్లాడి, గీత దాటుతోందో లేదో సరిచూడాలి. గీత మరీ పైన ఉంటే మాట మొదటి అక్షరం తెగిపోయి "ఎడమ" అన్నది "డమ" అవుతుంది.

ఉండుండి వచ్చే చప్పుళ్లకు, అంటే కుక్కరు కూతకూ, వీధి కుక్కలకూ, ఎదురింటి టీవీకీ, ఈ గీత పనికిరాదు. అవి మీ గొంతంత బిగ్గరగా ఉంటాయి కనుక గీతను సులువుగా దాటేస్తాయి. వాటికి పుష్ టు టాక్ ఒక్కటే నమ్మదగిన మార్గం. మీట నొక్కినంతసేపే మైకు తెరిచి ఉంటుంది. నడకకు వాడే వేళ్లు ఖాళీగా ఉండవు కాబట్టి ఆ మీటను మౌసు పక్క బటనుకు మార్చుకోవడం మేలు. తెలుగులో మాట్లాడేవారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మన భాషలో అవునో కాదో తేలేది మాట చివరనే. "పైకి వెళ్లలేదు" అనబోయి తొందరగా వేలు తీసేస్తే "పైకి వెళ్ల" వరకే చేరుతుంది, విన్నవాడు ప్రత్యర్థి పైన ఉన్నాడనుకుని పరుగెత్తుతాడు. డిస్కార్డ్‌లో రిలీజ్ డిలే అనే సెట్టింగును కొద్దిగా పెంచితే, వేలు తీశాక కూడా మైకు క్షణకాలం తెరిచి ఉండి ఆ చివరి అక్షరాలను కాపాడుతుంది.

ఇవన్నీ అయ్యాకే నాయిస్ సప్రెషన్, అంటే మోతను సాఫ్ట్‌వేరుతో తీసేసే పద్ధతి జోలికి వెళ్లాలి. డిస్కార్డ్‌లో 2020 నుంచి క్రిస్ప్ అనే అలాంటి ఏర్పాటు ఉంది. ఉచితంగా దొరికే ఓబీఎస్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరులో ఆర్ఎన్‌నాయిస్ ఉంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు ఉన్నవారికి ఎన్విడియా బ్రాడ్‌కాస్ట్ ఉంది. ఫ్యాను, ఏసీ, కీబోర్డు టకటకలను ఇవి చక్కగా తీసేస్తాయి. అయితే ఇవి మనిషి గొంతును నిలబెట్టి మిగతాది తీసేయడానికి నేర్పినవి కనుక, పక్క గదిలోని సీరియల్ మాటలూ, వెనక అమ్మ ఎవరినో పిలిచే పిలుపూ మీ మాటతో పాటే దాటిపోవచ్చు. వాటికి తలుపు మూయడమూ పుష్ టు టాక్ తప్ప దారి లేదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు రెండింటిని మాత్రం ఒకేసారి వాడకండి. రెండు జల్లెళ్లు పట్టినట్టు గొంతు పలచబడి, నీళ్లలోంచి మాట్లాడినట్టు వినపడుతుంది.

స్పీకర్లు పెట్టుకుని ఆడితే అవతలివారి మాట తిరిగి మీ మైకులోకే వెళ్లి ప్రతిధ్వనిస్తుంది, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడమే దానికి పరిష్కారం. చార్జరు తీసేయగానే ఆగిపోయే జుమ్మనే శబ్దం ఉంటే, తప్పు చార్జరులోనో కరెంటు ఎర్తింగులోనో ఉంది కాని మైకులో కాదు. మాట ముక్కలుముక్కలుగా, రోబో గొంతులా వెళ్తుంటే అది ఇంటర్నెట్ ఇబ్బంది, దానికోసం మైకు సెట్టింగులు మార్చి ప్రయోజనం లేదు.

బ్లూటూత్ హెడ్‌సెట్ గురించి ఒక మాట. మైకు తెరవగానే చాలా బ్లూటూత్ హెడ్‌సెట్లు స్టీరియో వదిలేసి ఫోన్ కాల్ పద్ధతికి మారతాయి. అప్పుడు శబ్దం మొద్దుబారడమే కాక, అడుగుల చప్పుడు ఏ వైపునుంచి వస్తోందో కూడా తెలియదు. వినడానికి బ్లూటూత్ వాడుతూ, మైకుగా ల్యాప్‌టాప్‌దో విడిగా కొన్న తీగ మైకునో ఎంచుకుంటే ఈ చిక్కు ఉండదు.

అవతలివారి మోత మీకు వస్తుంటే, డిస్కార్డ్‌లో ఆ వ్యక్తి పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆయన ఒక్కరి వాల్యూమునే తగ్గించవచ్చు. రౌండు నడుస్తుండగా కసురుకోకుండా, అది ముగిశాక "తమ్ముడూ, నీ మైకులో గాలి కొడతా ఉంది, కొంచెం జరుపుకో" అని చెబితే ఎవరైనా సరిచేసుకుంటారు. మీలాగే అతనికీ అది వినపడటం లేదు.

గంగమ్మ జాతర వారంలో వీధిలో డప్పులు మోగుతున్నప్పుడు ఈ ఉపాయాలేవీ నిలబడవు. ఆ రోజుల్లో నేను మైకు పూర్తిగా ఆపేసి, వినడం మాత్రం ఉంచుకుని, చెప్పవలసింది ఆటలోని పింగ్‌లతో, అంటే జట్టుకు చోటు చూపే గుర్తులతో చెబుతాను. ఆట మొదలవకముందే "ఇక్కడ జాతర, ఈ పూట పింగ్‌లే" అని జట్టుకు టైపు చేసి పెడతాను.