జ్వరాల సీజన్‌కు ముందు మందుల గోడౌన్‌లో పికింగ్ జాగ్రత్తలు

వానలు ముదిరితే మెడికల్ షాపుల ఆర్డర్లు ఒక్కసారిగా పెరుగుతాయి. పికింగ్ కోసం, అంటే ఆర్డర్ ప్రకారం ర్యాకుల్లోంచి మందులు తీసి ట్రేలో పెట్టే పని కోసం, ర్యాకులు మార్చాలన్నా, కొత్త పద్ధతి పెట్టాలన్నా ఈలోపే చేసుకోవాలి.

- ఒకేలా కనిపించే మందులను పక్కపక్కన పెట్టకండి. ఒకే కంపెనీ 250, 500 ఎంజీ స్ట్రిప్పులు చాలాసార్లు రంగులోనూ, అక్షరాల్లోనూ ఒకేలా ఉంటాయి. హడావుడిలో చెయ్యి పక్క పెట్టె మీదకు పోతుంది, ఆ పొరపాటు చివరికి రోగి మీద పడుతుంది. రెండింటినీ వేరే ర్యాకుల్లో ఉంచి, మోతాదును పెద్ద అంకెల్లో అతికించండి. స్కానర్ ఉంటే తీసిన ప్రతి పెట్టెనూ స్కాన్ చేయాల్సిందే. ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా సరే.

- ముందు వచ్చిన సరుకు కాదు, ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు కదలాలి. కొత్తగా దిగిన లాట్‌కు కూడా దగ్గర తేదీ ఉండొచ్చు.

- బిల్లులో ఉన్న బ్యాచ్ నంబరే ట్రేలోనూ ఉండాలి. లేదంటే రిటర్న్‌లు వచ్చినప్పుడు లెక్క తేలదు.

- పారాసెటమాల్ లాంటి బాగా కదిలేవాటిని ప్యాకింగ్ బల్ల దగ్గరికి, నడుముకీ భుజానికీ మధ్య ఎత్తుకు తెచ్చుకోండి. పికింగ్‌లో ఎక్కువ సమయం నడకకే పోతుంది. ఏవి కదులుతాయో పోయిన ఏడాది ఇదే సీజన్ బిల్లుల్లో చూడండి, పోయిన నెలవి సరిపోవు.

- పికింగ్ లిస్టు ర్యాకుల వరసలో రావాలి. అక్షరక్రమంలో వస్తే ఒకే దారిలో నాలుగుసార్లు తిరగాలి.

- ర్యాకులు నింపే పని పికింగ్‌కు ముందే ముగించండి. రెండూ కలిస్తే ట్రాలీలు అడ్డం పడతాయి.

- ఇన్సులిన్, టీకాలు అన్నిటికంటే చివర తీయండి. 2–8 డిగ్రీల్లో ఉండాల్సినవి ట్రేలో ఎదురుచూడకూడదు.