నాటకాన్ని పైకి చదవడం – నాలుగవ పాఠం: ‘ఏవండీ’ ఎక్కడ ఆగిపోతుంది?

గత పాఠంలో విరామాన్ని గుర్తించడం నేర్చుకున్నాము. ఈసారి సంబోధనను సాధన చేద్దాము. ఇందుకు నార్వే నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ 1879లో రాసిన ‘ఎ డాల్స్ హౌస్’ మూడవ అంకంలోని చివరి ఘట్టాన్ని దగ్గర పెట్టుకోండి.

కథ క్లుప్తంగా ఇది. జబ్బుపడిన భర్తను బతికించుకోవడానికి నోరా రహస్యంగా అప్పు చేసి, హామీపత్రం మీద తండ్రి సంతకం తానే పెట్టింది. దానిపై ఉన్న తేదీ తండ్రి మరణించిన మూడు రోజుల తరువాతిది. ఇదేమీ తెలియని భర్త టోర్వాల్డ్ హెల్మర్ ఆమెను భరతపక్షి అనీ ఉడుత అనీ ముద్దు చేస్తుంటాడు. ఉత్తరాల పెట్టె తాళంచెవి మాత్రం అతని దగ్గరే ఉంటుంది.

నార్వే భాషలోని మూలంలో ఈ దంపతులిద్దరూ ఒకరినొకరు ఒకే చనువైన సర్వనామంతో పిలుచుకుంటారు, నోరా భర్తను పేరుపెట్టి పిలుస్తుంది. తెలుగులో చదవబోయేసరికి మనకు ఆ వెసులుబాటు ఉండదు. అతడు ‘నువ్వు’ అంటే ఆమె ‘మీరు’ అనాలా? ‘టోర్వాల్డ్’ అన్న ప్రతిచోటా ‘ఏవండీ’ అనాలా? మూలం ముద్దుపేర్లలో దాచిన హెచ్చుతగ్గులను మన క్రియాపదాలు మొదటి వాక్యంలోనే బయటపెట్టేస్తాయి. (విశాఖ జాలరిపేటల్లో మొగుణ్ణి ‘నువ్వు’ అనే ఇల్లాళ్లు ఉన్నారు, అంతమాత్రాన ఆ ఇళ్లలో సమానత్వం ఉందని అనుకోకండి.)

ఇప్పుడు సాధన. రహస్యం బయటపడినప్పుడు హెల్మర్ ఆమెను నానా మాటలూ అంటాడు. హామీపత్రం తిరిగి చేతికి రాగానే తాను గట్టెక్కానని సంబరపడి, ఆమెను క్షమించానంటాడు. నోరా పండుగ వేషం తీసేసి మామూలు బట్టలతో వచ్చి అతన్ని కూర్చోమంటుంది. ఎనిమిదేళ్ల కాపురంలో తామిద్దరూ గంభీరంగా మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి అని ఆమే అంటుంది. ఈ భాగాన్ని మూడుసార్లు చదవండి: ఒకసారి ‘కూర్చో’తో, ఒకసారి ‘కూర్చోండి’తో, మూడవసారి ‘మీరు’తో మొదలుపెట్టి మీకు తోచినచోట ‘నువ్వు’కు మారుతూ.

బీచ్ రోడ్డు దగ్గర ఒక మిత్రుని ఇంట్లో ఆదివారాలు మేము కొందరం కలిసి చదువుకుంటాము. మొదట మాకందరికీ మూడవ పద్ధతే నచ్చింది. ‘నువ్వు’ అనగానే తిరుగుబాటు వినిపిస్తుంది కదా. కానీ అలా చదివినప్పుడల్లా నోరా మాట వీధి తగాదాలా తేలింది. ఒకావిడ ‘మీరు’ను అలాగే ఉంచి, ‘ఏవండీ’ని మాత్రం తీసేసి, గొంతు పెంచకుండా చదివారు. అప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. ఇన్నేళ్లూ ఒక పరాయి మనిషితో కాపురం చేశానని నోరా గ్రహించే ఘట్టం ఇది. పరాయివారి నుంచి ఏమీ తీసుకోనని ఆమె అతని సాయాన్ని కూడా కాదంటుంది. తెలుగులో పరాయివారిని పిలిచే మాట కూడా ‘మీరే’. నిన్నటి వరకు భర్తకిచ్చిన మన్నన ఈ రాత్రి ముక్కూమొహం తెలియని మనిషికి చూపే మర్యాదగా మారుతుంది, ఒక్క అక్షరమైనా మారకుండానే. నా ఓటు ఈ పద్ధతికే.

అభ్యాసం: 1880లో జర్మన్ ప్రదర్శన కోసం ఇబ్సెన్ అయిష్టంగా రాసిచ్చిన మరో ముగింపులో నోరా పిల్లల గది గుమ్మం దగ్గర కుప్పకూలి, ఇల్లు వదలకుండా ఉండిపోతుంది. ఆ చివరి మాటలను ‘మీరు’తోనే చదివి, ఇందాకటి ‘మీరు’తో పోల్చి, తేడాను మీ నోటుపుస్తకంలో రాసుకోండి. అసలు ముగింపులో నోరా ఇల్లు వదిలి వెళ్లినప్పుడు వినవచ్చే తలుపు చప్పుడును చదివేవారు ఎలా పలికించాలన్నది ఐదవ పాఠంలో చూద్దాము.