ఫైబర్ ప్లాన్ పెంచారా? కొత్త రౌటర్ కొనేముందు వైరు చూడండి

మన బెజవాడ, గుంటూరుల్లో ప్లాన్ 40 ఎంబీపీఎస్ నుంచి 200కో 300కో మార్చుకున్నవాళ్ళు ముందు చేసే పని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి తిట్టడం, తర్వాతి పని నాలుగు యాంటెన్నాల రౌటర్ కొనడం. రెండూ కాసేపు ఆపండి. చాలా ఇళ్ళల్లో ఫైబర్ బాగానే వస్తుంది, స్పీడ్ ఆగేది ఇంట్లోనే, ఎక్కడ ఆగుతుందో తెలీకుండా డబ్బులు తీయొద్దు.

లాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, లాన్ వైరుతో నేరుగా కంపెనీవాళ్ళు పెట్టిన బాక్సుకే, అంటే ఓఎన్‌టీకే కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. 200 ప్లాన్‌కి 190 పైన వస్తే వాళ్ళ పని వాళ్ళు చేసినట్టే. కానీ ఎన్నిసార్లు చూసినా 93, 94 దగ్గరే అతుక్కుపోయిందంటే అది 100 ఎంబీపీఎస్ పోర్టన్నా అయ్యుండాలి, వైరులో లోపమన్నా ఉండాలి. ఈ వైరు సంగతి ఎవరూ పట్టించుకోరు. లోపల 8 తీగలుంటాయి, గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి ఎనిమిదీ కావాలి, 100కి మాత్రం నాలుగు చాలు, అందుకే మిగతా నాలుగింట్లో ఒక్క తీగ తెగినా నెట్ ఆగదు, 100కి పడిపోయి నడుస్తూనే ఉంటుంది, మనకి అనుమానం కూడా రాదు. క్లిప్పు ప్లాస్టిక్‌లోంచి వెలుతురులో చూడండి, ఎనిమిది రంగులూ చివరి పిన్నుల దాకా వెళ్ళాయో లేదో కనిపిస్తుంది.

వైరు మార్చినా స్పీడ్ బాగా తక్కువుంటే అప్పుడు కంప్లైంట్ పెట్టండి, వచ్చినబ్బాయిని మీటర్‌తో ఫైబర్‌లో వచ్చే లైట్ పవర్ చూడమనండి, మైనస్ 27 డీబీఎం (ఆ పవర్ కొలత) కన్నా కిందకి, అంటే మైనస్ 28, 30 అలా పోతే లైనులోనే తేడా. సన్నటి ఫైబర్ తీగని మడత పెట్టి టీవీ వెనక కుక్కకండి, దాని కొనలోకి కంటితో చూడకండి.

కొత్త వైరు కొంటే క్యాట్ 6, అదీ ప్యూర్ కాపర్‌ది అడగండి. చవగ్గా ఇచ్చేవాటిలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత, తీగని బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది.

ఇక పైఅంతస్తు. బ్రాడీపేట, సత్యనారాయణపురం పాత ఇళ్ళల్లో గోడలు మందం, వైఫైలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ స్లాబు దాటేసరికి నీరసపడిపోతుంది, 2.4 గిగాహెర్ట్జ్‌ది దాటుతుంది గానీ స్పీడ్ ఉండదు. గోడకి పెట్టే రిపీటర్ పెడితే సిగ్నల్ గీతలు పెరుగుతాయేగానీ స్పీడ్ చాలావరకు సగమైపోతుంది, నేనైతే వద్దనే చెప్తాను. పాత కేబుల్ టీవీ వైరు వెళ్ళిన పైపు ఉంటుంది కదా, ఆ వైరు చివరికి కొత్త క్యాట్ 6 గట్టిగా టేపుతో కట్టి, పైనుంచి ఒకరు లాగుతూ కిందనుంచి ఒకరు వదులుతుంటే గోడ పగలగొట్టకుండా పనైపోతుంది. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం వేయొద్దు. పైన ఆ వైరుకి వైఫై 6 రౌటర్ ఒకటి యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే కిందనుంచి వచ్చే నెట్‌నే వైఫైగా ఇచ్చే సెట్టింగులో పెట్టి, కింద ఉన్న పేరూ పాస్‌వర్డే ఇస్తే ఫోన్ మెట్లెక్కుతుంటే చాలావరకు దానంతటదే మారుతుంది.

కరెంటు పోయినా నెట్ ఆగకుండా ఇన్వర్టర్ లేనివాళ్ళు మినీ యూపీఎస్ తీసుకోండి, కానీ బాక్సు అడాప్టర్ మీద 12 వోల్టులా 9 వోల్టులా, ఎన్ని యాంప్సో చదివే కొనండి, ఓఎన్‌టీ, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండిటికీ పవర్ ఉండాలి.