పోకర్‌లో బెట్ నిర్ణయాలను విశ్లేషించడం ఎలా? ధర కట్టడం, కాంబోలు లెక్కపెట్టడం

రివర్‌లో (చివరి ఐదో ముక్క పడ్డాక) కాల్ కొట్టి, అంటే ఎదుటివాడి బెట్‌కు సమానంగా కట్టి, ఓడిన హ్యాండ్ గురించి చాలామంది ఒక్క మాట అని వదిలేస్తారు: "వాడి దగ్గర ఆసు–రాజు ఉంది, ఫోల్డ్ చేయాల్సింది (ముక్కలు వదిలేయాల్సింది)." ఎదుటివాడి ముక్కలు తెరిచాక ఆ మాట ఎవరైనా అనగలరు. కాల్ కొట్టే క్షణంలో మాత్రం ఆ ముక్కలు మూసే ఉన్నాయి. అప్పుడు తెలిసే సంగతులు రెండే. ఒకటి, ఎన్ని చిప్స్ కడితే ఎన్ని వస్తాయన్నది. రెండోది, అతను ఇప్పటిదాకా ఆడిన తీరు ఏయే ముక్కలతో పొసుగుతుందన్నది. ఈ రెండింటినీ కాగితం మీద పెట్టి పోల్చడమే విశ్లేషణ.

ముందుగా చట్టం సంగతి, ముఖ్యంగా బెంగళూరులో ఉండే మనవాళ్ల కోసం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. కర్ణాటక 2021లో తెచ్చిన సవరణలో ఆన్‌లైన్ ఆటలకు సంబంధించిన భాగాలను అక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరి 14న కొట్టేసింది. దాంతో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ పీజీల్లో ఉండేవాళ్లకు ఆ ఆట కొన్నేళ్లు అందుబాటులో ఉంది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. కాబట్టి ఇక్కడ చెప్పే లెక్కలు ఉచిత చిప్స్ టేబుళ్లకూ, దాచుకున్న పాత హ్యాండ్ హిస్టరీ ఫైళ్లకూ మాత్రమే. విదేశీ సైట్లో ఆడమంటూ టెలిగ్రామ్‌లో వచ్చే లింకుల జోలికి వెళ్లొద్దు. అక్కడ డబ్బు ఇరుక్కుంటే అడిగే దిక్కు ఉండదు.

మొదటి పని: హ్యాండ్‌ను పూర్తిగా రాసుకోవడం

జ్ఞాపకం మీద ఆధారపడకండి. హ్యాండ్ హిస్టరీ తెరిచి బ్లైండ్లు (ఆట మొదట్లో ఇద్దరు తప్పనిసరిగా కట్టే చిప్స్), ఇద్దరి చిప్స్, ఎవరి స్థానం ఏది, ప్రతి దశలో పాట్ (మధ్యలో పోగైన చిప్స్) ఎంత, బెట్ ఎంత అన్నవి ఒక షీట్లో దింపండి. షోడౌన్‌లో (చివర ముక్కలు తెరిచినప్పుడు) ఎదుటివాడు ఏం చూపించాడో ఆ గడిని దాచేయండి. ఎక్సెల్‌లో ఆ కాలమ్‌ను హైడ్ చేస్తే చాలు. ఫలితం కనిపిస్తుంటే మనసు లెక్కను దాని వైపే లాక్కెళ్తుంది.

ఈ వ్యాసమంతటికీ ఒకే హ్యాండ్ తీసుకుందాం. ఆరుగురి టేబుల్, బ్లైండ్లు 50/100, ఇద్దరి దగ్గరా 10,000 చిప్స్. బటన్ (ఫ్లాప్ నుంచి చివరగా ఆడే స్థానం) మీదున్న ఆటగాడు 250కి రైజ్ చేశాడు, అంటే బెట్ పెంచాడు. స్మాల్ బ్లైండ్ ఫోల్డ్ అయ్యాడు. మీరు బిగ్ బ్లైండ్‌లో కళావరు రాజు, కళావరు పదితో కాల్ చేశారు. పాట్ 550.

ఫ్లాప్ (అందరికీ చెందే మొదటి మూడు ముక్కలు): ఆఠీను రాజు, ఆఠీను తొమ్మిది, ఇస్పేటు నాలుగు. మీరు చెక్ (బెట్ వేయకుండా వదిలారు), అతను 180, మీరు కాల్. పాట్ 910.
టర్న్ (నాలుగో ముక్క): కళావరు ఏడు. చెక్, 600, కాల్. పాట్ 2,110.
రివర్: డైమను రెండు. మీరు చెక్, అతను 1,500.

కాలా, ఫోల్డా?

రెండో పని: ధర కట్టడం

కాల్ ధర కట్టే సూత్రం ఒక్కటే. మీరు కట్టాల్సిన దాన్ని, మీ కాల్ కూడా కలిశాక ఉండే మొత్తం పాట్‌తో భాగించండి. ఇక్కడ 1,500ను 5,110తో భాగిస్తే 29.4 శాతం. అంటే ఇలాంటి సందర్భాలు వంద వస్తే ముప్ఫైసార్లు గెలిచినా కాల్ నష్టం కాదు. చాలామంది చేసే పొరపాటు, తమ కాల్‌ను కలపకుండా 3,610తో భాగించడం. అప్పుడు 41.6 శాతం వస్తుంది, లాభమిచ్చే కాల్ కూడా ఫోల్డ్‌లా కనిపిస్తుంది.

ఆ 41.6 శాతం వేరే ప్రశ్నకు జవాబు. చేతిలో ఏమీ లేకుండా అతను 1,500 బ్లఫ్ వేస్తే, మీరు అన్నిసార్లు ఫోల్డ్ అయితేనే అతనికి గిట్టుబాటు. ఒకే బెట్, ఇద్దరికీ రెండు వేర్వేరు అంకెలు. ఇవి కలగాపులగం కాకుండా ఉండాలంటే తరచూ కనిపించే కొలతల్ని కంఠతా పెట్టుకోవాలి. పాట్‌లో మూడో వంతు బెట్‌కు కాల్ చేసేవాడికి 20 శాతం, బ్లఫ్ చేసేవాడికి 25. సగం పాట్‌కు 25, 33. మూడింట రెండు వంతులకు 28.6, 40. పూర్తి పాట్‌కు 33, 50.

పాత డబ్బు ఆటల ఫైళ్లు చూస్తున్నవాళ్లు సైట్ కోసుకునే రేక్‌ను మరవొద్దు. 5,110 పాట్ నుంచి 5 శాతం పోతే చేతికి వచ్చేది 4,854, అప్పుడు కావాల్సింది దాదాపు 31 శాతం.

మూడో పని: ముక్కలు లెక్కపెట్టడం

అసలు శ్రమంతా ఇక్కడే, అసలు నేర్చుకునేదీ ఇక్కడే. "అతని దగ్గర ఏముంది" అని ఒక్క హ్యాండ్ ఊహించడం మూడుముక్కలాటలోంచి వచ్చిన అలవాటు. పోకర్‌లో ఊహించాల్సింది ఒక గుంపును, ఆ గుంపులో ఒక్కోటీ ఎన్ని విధాలుగా రాగలదో లెక్కపెట్టాలి. చేతిలోకి రాగల రెండు ముక్కల ఒక్కో కలయికను కాంబో అంటారు. జత అయితే, ఆ అంకె ముక్కలు నాలుగూ ఎక్కడా కనబడకపోతే 6 కాంబోలు, ఒకటి బోర్డు (అందరికీ చెందే ముక్కలు) మీదో మీ చేతిలోనో ఉంటే 3, రెండు కనబడితే 1. వేర్వేరు అంకెలైతే మిగిలిన ముక్కల్ని గుణించడమే.

మన హ్యాండ్‌లో ఒక రాజు బోర్డు మీద, ఒకటి మీ చేతిలో. అంటే మీది రాజుల జత, పక్క ముక్క పది. అతనికి మిగిలినవి రెండే. అతను మూడు దశల్లోనూ బెట్ వేసి, మిమ్మల్ని ఓడించే చేతులుగా మనం తీసుకునేవి ఇవి: ఆసుల జత 6, ఆసు–రాజు 8 (నాలుగు ఆసులు, రెండు రాజులు), రాజు–రాణి 8, ఒకే గుర్తు రాజు–తొమ్మిది 2, ఒకే గుర్తు రాజు–ఏడు 2, తొమ్మిదుల జత 3, ఏడుల జత 3, నాలుగుల జత 3, రాజుల జత 1. మొత్తం 36.

రాజు–జాకీని ఎందుకు వదిలేశాం? చాలామంది ఆ చేతిని రివర్‌లో చెక్ చేసి షో చూస్తారు కాబట్టి. ఇది మన అంచనా మాత్రమే, అందుకే షీట్లో పక్కన రాసి ఉంచండి. తర్వాత పనికొస్తుంది.

ఇక బ్లఫ్‌లు. ఆఠీను ఫ్లష్ (ఒకే గుర్తు ఐదు ముక్కలు) కోసం ఎదురుచూసి, చివరికి జత కూడా రానివి: ఆసుతో రాణి, జాకీ, పది, ఎనిమిది, ఆరు, ఐదు, మూడు కలిసి 7. రాణి–జాకీ, రాణి–పది, జాకీ–పది, రాణి–ఎనిమిది, జాకీ–ఎనిమిది, పది–ఎనిమిది, ఎనిమిది–ఆరు, ఆరు–ఐదు కలిసి 8. అంటే ఆఠీన్లలో 15. మిగతా గుర్తుల్లో స్ట్రెయిట్ (వరుస అంకెల ఐదు ముక్కలు) కోసం చూసి తప్పినవి, ఒకే గుర్తువి మాత్రమే: రాణి–జాకీ 3, ఎనిమిది–ఆరు 3, జాకీ–పది 2, రాణి–పది 2, పది–ఎనిమిది 2. ఇవి 12. మొత్తం 27.

నాలుగో పని: తీర్పు

అతను గెలిచే 36 చేతులకు ఎదురుగా ఎన్ని బ్లఫ్‌లు ఉంటే కాల్ సరిసమానం? 36ను 1,500తో గుణించి 3,610తో భాగిస్తే 15. అంటే ఆ 27లో 15 కాంబోలతో, సుమారు 56 శాతం సార్లు, అతను నిజంగా 1,500 తోయాలి. పదమూడింటితోనే తోస్తే ఒక్కో కాల్‌కు సగటున 144 చిప్స్ నష్టం. ఇరవైతో తోస్తే 325 లాభం.

కాబట్టి "కాల్ సరైనదా" అన్న ప్రశ్న ఇప్పుడు చిన్నదైపోయింది: తప్పిపోయిన డ్రాల్లో (ఫ్లష్, స్ట్రెయిట్ కోసం ఎదురుచూసిన చేతుల్లో) సగానికి పైగా మూడోసారి కూడా తోసే మనిషేనా ఇతను? సరదా ఆటగాళ్లలో ఎక్కువమంది కాదు. ఫ్లాప్, టర్న్‌లలో ధైర్యంగా వేసి, రివర్‌లో ఊపిరి బిగబట్టి చెక్ చేస్తారు. అలాంటి వాళ్ల పెద్ద రివర్ బెట్‌కు ఈ చేయి ఫోల్డ్. టేబుల్ మొత్తాన్నీ నెట్టే దూకుడు ఆటగాడైతే కాల్.

ఇప్పుడు పక్కన రాసుకున్న అంచనాలను కదిపి చూడండి. అతను రాజు–జాకీతో కూడా బెట్ వేసేవాడైతే గెలిచేవి 44 అవుతాయి, బ్లఫ్‌లు 18కి పైగా కావాలి. రాజు–రాణిని చెక్ చేసేవాడైతే గెలిచేవి 28, అప్పుడు 12 చాలు. ఒక్క అంచనా తీర్పును ఇంత తిప్పేస్తుందని తెలిశాక, ఆట చూసేటప్పుడు ఏది గమనించాలో కూడా తెలుస్తుంది. నడిమి బలమున్న జతతో అతను రివర్‌లో ఏం చేస్తాడో చూడాలి.

మీ చేతిలోని చిన్న ముక్కకూ ఇక్కడ పాత్ర ఉంది. మీ కళావరు పది వల్ల అతనికి కళావరు జాకీ–పది, రాణి–పది, పది–ఎనిమిది రావు. మూడు బ్లఫ్‌లు పోయాయి. అదే ఆఠీను పది అయితే ఆఠీన్లలో నాలుగు పోయేవి. తప్పిన ఫ్లష్ గుర్తు ముక్క మీ చేతిలో ఉందంటే కాల్ బలహీనపడుతుంది. "నా దగ్గర ఆఠీను ఉంది, అతనికి ఫ్లష్ లేదు" అని ధైర్యం తెచ్చుకునేవాళ్లు దీన్ని తలకిందులుగా చూస్తున్నారు. ఫ్లష్ ఎలాగూ పడలేదు, పోయినవి అతని బ్లఫ్‌లే.

ఫ్లాప్, టర్న్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫ్లాప్‌లో 180కి కావాల్సింది 19.8 శాతం, టర్న్‌లో 600కి 28.4 శాతం. పై జత (బోర్డులోని పెద్ద ముక్కతో కుదిరిన జత) పట్టుకుని ఈ రెండూ కాల్‌లే.

బెట్ వేసేది మీరైతే

కుర్చీ మార్చి కూర్చోండి. బటన్ మీద మీరున్నారు, చేతిలో ఆఠీను ఆసు, ఆఠీను ఐదు. టర్న్‌లో పాట్ 910, మీరు 600 వేశారు. ఏ ఆశా లేని చేతితో అయితే ఎదుటివాడు 39.7 శాతం సార్లు ఫోల్డ్ అవ్వాలి. కానీ మీకు ఫ్లష్ కోసం 9 ముక్కలున్నాయి, చూడని ముక్కలు 46, అంటే రివర్‌లో 19.6 శాతం. అతను కాల్ చేస్తే పాట్ 2,110, అందులో మీ వాటా సుమారు 413. 600 పెట్టి 413 పొందితే నష్టం 187 మాత్రమే. అతను ఫోల్డ్ అయితే లాభం 910. రివర్‌లో ఇక బెట్లు లేవనుకుంటే, 17 శాతం ఫోల్డ్‌లు దొరికినా ఖర్చు రాబడి సమానం. 39.7 నుంచి 17కి. డ్రాతో వేసే బెట్‌కూ, ఉత్త బ్లఫ్‌కూ ఉన్న దూరం అంతే.

గెలిచే చేతితో రివర్ బెట్ వేసినప్పుడు అడగాల్సింది వేరు: కాల్ చేసేవాటిలో సగానికి పైగా మీకంటే తక్కువవేనా? మొత్తం రేంజ్ (అతని దగ్గర ఉండగల చేతులన్నీ) మీద మీరు ముందున్నారా అన్నది ఇక్కడ పనికిరాదు. కింది చేతులన్నీ ఫోల్డ్ అయ్యి, పై చేతులే కాల్ చేస్తే ఆ బెట్ ఎంత బలంగా కనిపించినా వృథా. ఇలాంటి బెట్ పక్కన, కాల్ చేయగల కింది చేతుల పేర్లు రాయండి. మూడు కూడా తట్టకపోతే చెక్ చేయాల్సిన చోట బెట్ వేశారన్నమాట.

సాఫ్ట్‌వేర్ ఎప్పుడు?

కాగితం మీద లెక్క ముగిశాక. విండోస్ కంప్యూటర్‌లో ఈక్విలాబ్ ఉచితంగా దొరుకుతుంది, రేంజ్ పెడితే గెలుపు శాతం చెప్తుంది. పియోసాల్వర్ లాంటి సాల్వర్లు (ఏ చేతితో ఎలా ఆడాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు) ఇంకా లోతుకు వెళ్తాయి, కానీ మీరు ఇచ్చిన రేంజ్‌ల మీదే నడుస్తాయి. బటన్ రేంజ్‌ను తప్పుగా పెడితే జవాబు దశాంశాల దాకా కచ్చితంగా వస్తుంది, తప్పుగానే వస్తుంది. పైగా సాల్వర్ ఎదుటివాడు కూడా లోపం లేకుండా ఆడతాడనుకుంటుంది. ఉచిత చిప్స్ టేబుల్‌లో అలాంటివాళ్లు ఉండరు. అక్కడ "ఏముందో చూద్దాం" అని ఏ జతతోనైనా కాల్ చేస్తారు కాబట్టి బ్లఫ్‌లు తగ్గించి, గెలిచే చేతులతో పెద్ద బెట్లు వేయాలి. సాల్వర్ బ్లఫ్‌లను అక్కడ యథాతథంగా దించితే చిప్స్ కరిగిపోతాయి.

గణాంకాల విషయంలోనూ అంతే. ఒకరిని ఇరవై ముప్ఫై హ్యాండ్లు చూసి "వీడు రివర్‌లో బ్లఫ్ చేయడు" అని తేల్చకండి. అన్ని హ్యాండ్లలో రివర్ దాకా వచ్చి పెద్ద బెట్ పడిన సందర్భాలు రెండో మూడో ఉంటాయి. అవి చాలవు.

ఒక్క హ్యాండ్‌కు అరగంట ఇవ్వండి, వారానికి నాలుగైదు చాలు. గెలిచినవి కూడా తీసుకోండి. ఓడినవే తిరగేసేవాళ్లకు అదృష్టం కాపాడిన తప్పులు ఎప్పటికీ కనబడవు. షీట్లో వరుసగా పాట్, బెట్, కావాల్సిన శాతం, గెలిచే కాంబోలు, బ్లఫ్ కాంబోలు, ఊహించిన బ్లఫ్ శాతం, తీర్పు. ఇవన్నీ నిండాకే దాచిన కాలమ్ తెరవాలి. అతను చూపించిన ముక్కలు మీ జాబితాలో లేకపోతే తీర్పును మార్చకండి, జాబితాను మార్చండి. అతను రాజు–జాకీ చూపించాడనుకోండి. వచ్చేసారి అతని మీద లెక్క 36తో కాదు, 44తో మొదలవుతుంది.