‘నో డిస్క్’ అంటే లెన్స్ పోయినట్టు కాదు: ఐదు డిస్కుల డీవీడీ ప్లేయర్ సమస్యలు, పరిష్కారాలు

ఐదు డిస్కుల డీవీడీ ప్లేయర్ ఉన్నవాళ్ళని నెల్లూరులో అడిగినా, ఒంగోలులో అడిగినా రెండే మాటలు చెబుతారు. ఒకటి, "సౌండ్ బ్రహ్మాండం, అట్టాంటి సెట్టు ఇప్పుడు దొరకదు." రెండోది, "లెన్స్ ఊరికే పోతా ఉంటది." మొదటిది నేనూ ఒప్పుకుంటాను. రెండోది మాత్రం చాలా సెట్ల విషయంలో తప్పు. రిపేరుకొచ్చే వాటిలో లెన్స్, అంటే డిస్కుని చదివే లేజరు భాగం, నిజంగా పోయినవి తక్కువ, పోయిందని చెప్పి మార్పించినవి ఎక్కువ. కొత్త లెన్స్ వేసినా డిస్‌ప్లే మీద అదే ‘నో డిస్క్’. అప్పుడు సెట్టే చెత్తదని అటక మీద పెట్టేస్తారు. పెళ్ళి డీవీడీలు, నాన్నగారి గొంతు ఉన్న సీడీలు చూసుకునే దారి కూడా దాంతోనే మూసుకుపోతుంది. అలా పెట్టేసిన సెట్లలో ఎక్కువ భాగం చిన్న రబ్బరు బెల్టుతో బాగయ్యేవే.

డిస్కు తుడవడం, వైర్లు సరిగ్గా గుచ్చడం, రిమోట్ సెల్స్ మార్చడం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ముందు ఈ ఒక్క పరీక్ష చెయ్యండి

బాగా ఆడుతుందని తెలిసిన కంపెనీ డిస్కు ఒకటి తీసుకోండి. ఇంట్లో రాసుకున్నది వద్దు. మిగతావన్నీ బయటికి తీసేసి, ఆ ఒక్కదాన్నే ఒకటో నంబరు గుంటలో పెట్టి చూడండి. తర్వాత రెండు, మూడు, నాలుగు, ఐదు. ఇంతే పని. ఇది చెయ్యకుండానే సెట్టు సంచీలో వేసుకుని బస్సెక్కి వచ్చేస్తారు.

అన్ని గుంటల్లో ఆడితే లోపం చాలామటుకు మీ పాత డిస్కులదే. ఒక్క గుంటలోనే ఆడకపోతే లెన్స్‌ని మర్చిపోండి, ఎందుకంటే అయిదింటికీ లెన్స్ ఒకటే. ఆ గుంటలో ఏదన్నా అడ్డం పడి ఉంటుంది, లేదా డిస్కులు పెట్టే గుండ్రటి పళ్ళెం అక్కడ వంగి ఉంటుంది. ఏ గుంటలో పెట్టినా ఒకసారి ఆడి, ఒకసారి ఆడకపోతే కింద బెల్టు గురించి రాసిందంతా చదవండి. ఏ గుంటలోనూ, ఏ డిస్కూ, ఎప్పుడూ ఆడకపోతే అప్పుడు లెన్స్‌ని అనుమానించవచ్చు. అప్పుడు కూడా ముందు బెల్టు చూశాకే.

లక్షణం: ఒకసారి ‘నో డిస్క్’, ఇంకోసారి బాగానే ఆడుతుంది

అందరినీ మోసం చేసేది ఇదే. దీని మీద కాస్త నిదానంగా చెబుతాను.

ఒక్క డిస్కు ప్లేయర్‌కీ ఐదు డిస్కుల దానికీ తేడా డిస్కుని లెన్స్ దగ్గరికి చేర్చే ఏర్పాటులో ఉంది. ఇందులో ట్రే లోపలికి వెళ్ళాక పళ్ళెం తిరిగి, మీరు అడిగిన డిస్కుని సరిగ్గా లెన్స్ పైకి తెచ్చి ఆగుతుంది. ఆ తర్వాత లెన్స్, డిస్కుని తిప్పే మోటారు ఉన్న చిన్న డెక్కు కిందనుంచి పైకి లేస్తుంది. డిస్కుని పళ్ళెం మీద నుంచి కొద్దిగా ఎత్తి, పైనున్న అయస్కాంతం బిళ్ళకి ఆనిస్తుంది. బిళ్ళ ‘టక్’మని పట్టుకుంటుంది. అప్పుడు గాని డిస్కు తిరగదు.

చాలా మోడళ్ళలో ట్రేని లోపలికి లాగేదీ, డెక్కుని పైకి ఎత్తేదీ ఒకటే మోటారు. పళ్ళెం తిప్పడానికి వేరే మోటారు ఉంటుంది. ఆ మొదటి మోటారు నుంచి పళ్ళచక్రాలకి బలం వెళ్ళేది ఒక సన్నటి రబ్బరు బెల్టు ద్వారా. బెల్టు సాగినా, నున్నబడినా ట్రే మాత్రం హాయిగా లోపలికి వెళ్తుంది, ఎందుకంటే అది తేలిక పని. బరువంతా చివర్లో డెక్కు ఎత్తేటప్పుడే. పిండిమరలో బెల్టు వదులైతే ఖాళీగా బాగానే తిరిగి, గింజలు పడగానే జారినట్టు, ఇక్కడా ఆ చివరి కొంచెం దగ్గరే బెల్టు జారుతుంది. డెక్కు పూర్తిగా లేవదు, బిళ్ళ గట్టిగా పట్టదు, డిస్కు ఒక పక్కకి ఒరుగుతుంది. లెన్స్ పైకీ కిందకీ కదిలి ఫోకస్ కోసం వెతుకుతుంది, దొరకదు. ప్లేయర్‌కి తెలిసిందల్లా ఫోకస్ దొరకలేదనే. అందుకని ‘నో డిస్క్’ అని చూపిస్తుంది. చూసినవాళ్ళు లెన్స్ పోయిందంటారు. కొన్ని మోడళ్ళు ‘నో డిస్క్’ కూడా చూపించవు, ట్రే లోపలికి వెళ్ళి తనంతట తానే మళ్ళీ బయటికొస్తుంది. కారణం అదే.

బెల్టా, లెన్సా అని మూత విప్పకుండానే చెప్పొచ్చు. డిస్కు ఒకసారి పట్టుకున్నాక సినిమా చివరిదాకా ఎక్కడా ఆగకుండా ఆడిందా? అయితే లెన్స్ బాగుంది, అందులో అనుమానం అక్కర్లేదు. నీరసించిన లెన్స్ మధ్యలో ఆగుతుంది, బొమ్మ చదరాలు చదరాలుగా విరుగుతుంది, రెండు పొరల డిస్కుల దగ్గర ముందు మొరాయిస్తుంది. డీవీడీకి 650 నానోమీటర్ల లేజరు, సీడీకి 780 నానోమీటర్ల లేజరు వేరువేరుగా ఉంటాయి కాబట్టి, లెన్స్ పోయేటప్పుడు తరచుగా ఒక రకం ఆడుతూ ఇంకో రకం మానేస్తుంది. బెల్టు లోపానికి ఈ తేడాలేం ఉండవు. సీడీ అయినా డీవీడీ అయినా దానికి ఒకటే, పట్టడమే కష్టం, పట్టాక ఇబ్బంది లేదు. చెవి పెట్టి వింటే పళ్ళెం ఆగాక రావాల్సిన ‘టక్’ వినపడదు, లేదా సన్నగా కీచుమంటుంది.

మన దగ్గర ఎండలకి బెల్టు ఇంకా తొందరగా సాగుతుంది. 40 డిగ్రీలు దాటే మే నెలలో, టీవీ కింద మూసిన చెక్క అరలో, పక్కనే ఆంప్లిఫయర్ వేడి. రబ్బరు బిగుతు పోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ఏళ్ళ తరబడి వాడకుండా ఉంచినా నష్టమే. బెల్టు ఒకే ఆకారంలో బిగుసుకుపోతుంది, కొన్నిసార్లు కరిగి తారులా చక్రాలకి అంటుకుంటుంది.

ఖాయం చేసుకోవాలంటే మూత విప్పండి. ముందు ప్లగ్గు తీసి కాసేపు ఆగాలి. సప్లై బోర్డులో పెద్ద కండెన్సర్ మీద 325 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ఆ బోర్డు ఏ పక్కన ఉందో చూసి పెట్టుకుని, అటు చెయ్యి పోనివ్వకుండా మళ్ళీ కరెంటిచ్చి డిస్కు వెయ్యండి. డెక్కు లేచే చివరి క్షణంలో మోటారు తిరుగుతూ చక్రం ఆగిపోయిందంటే బెల్టే. ఆ చక్రాన్ని వేలితో మెల్లగా ముందుకి తిప్పి లిఫ్టు పూర్తి చేస్తే ‘టక్’మని పట్టి ఆడిందా, ఇంకే పరీక్షా అక్కర్లేదు. లెన్స్‌లోకి మాత్రం నేరుగా చూడొద్దు. ఎర్ర వెలుతురు వస్తోందో లేదో పక్కనుంచి చూస్తే చాలు.

ఇక బెల్టు మార్చడం. ప్లగ్గు తీసి, పళ్ళెం మధ్య స్క్రూ విప్పి పళ్ళెం తీస్తే చాలా సెట్లలో బెల్టు ముందువైపు కనిపిస్తుంది. ఏది కదిపే ముందైనా ఫోనుతో ఫోటోలు తీసుకోండి. ట్రే పళ్ళకీ చక్రానికీ మధ్య గుర్తులుంటాయి. అవి ఒక్క పన్ను తప్పినా ట్రే సగంలో ఇరుక్కుంటుంది, అప్పుడు లేని కొత్త జబ్బు వచ్చినట్టవుతుంది. పాత బెల్టుని కొలతకి షాపుకి తీసుకెళ్ళి "ఇదే సైజు" అని అడగకండి, అది సాగిపోయింది కదా. దానికంటే చుట్టుకొలత 5 నుంచి 10 శాతం తక్కువున్నది, అదే మందం, అదే చదరపు అంచు ఉన్నది తీసుకోండి. టేప్ రికార్డర్ సామాన్లు అమ్మే పాత దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతాయి, కలగలుపు ప్యాకెట్లు ఆన్‌లైన్లోనూ ఉన్నాయి. మరీ బిగుతుది వేస్తే మోటారు బుష్ (ఇరుసు తిరిగే గూడు) అరుగుతుంది. కొత్తది ఎక్కించే ముందు బెల్టు తిరిగే పుల్లీల గాడి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి, వేలి జిడ్డు కూడా అంటకూడదు.

పొట్లాలకి కట్టే రబ్బరు బ్యాండ్లు వెయ్యకండి. వారం బాగానే ఆడుతుంది, తర్వాత ఎండకి కరిగి చక్రాల పళ్ళల్లోకి పోతుంది, దాన్ని గీకి తియ్యడం బెల్టు మార్చడంకంటే పెద్ద పని. బెల్టుని వేడినీళ్ళలో వేసి బిగించడం కూడా కొత్తది దొరికేదాకా సరిపెట్టుకోవడానికే. ట్రే పట్టాల మీద కొబ్బరినూనె, కుట్టుమిషన్ ఆయిల్ పోసేవాళ్ళకి ఒక విన్నపం: దయచేసి పొయ్యొద్దు. అది కారి బెల్టు మీదకే పోతుంది. ప్లాస్టిక్‌కి వాడే సిలికాన్ గ్రీజు అగ్గిపుల్ల కొసంత చాలు, అదీ పాత గట్టిపడిన గ్రీజు తుడిచేశాక.

లక్షణం: పళ్ళెం ఆగకుండా తిరుగుతుంది, లేదా రెండు గుంటల మధ్య ఆగుతుంది

పళ్ళెం కింద అంచున కన్నాలో గాట్లో ఉంటాయి. ఒక చిన్న లైటు సెన్సర్ వాటిని లెక్కపెట్టుకుంటూ ఎక్కడ ఆగాలో తెలుసుకుంటుంది. దాని మధ్య దుమ్ము చేరితే లెక్క తప్పుతుంది. చీమకుర్తి వైపు నుంచి వచ్చే సెట్లలో సన్నటి రాతిపొడి, మార్కాపురం వైపు వాటిలో పలకల పొడి నేను చూస్తూనే ఉంటాను. మెత్తటి బ్రష్షుతో దులిపి, గాలి కొట్టండి. సెన్సర్ బదులు మీటల స్విచ్చి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగైదుసార్లు నొక్కి వదలండి. దీనికి బోర్డు మార్చాలని ఎవరైనా చెబితే ఆగమనండి.

లక్షణం: మధ్యలో ఆగడం, బొమ్మ విరగడం

ఇక్కడ లెన్స్‌ని చూడాల్సిందే, కానీ మార్చడం కాదు, తుడవడం ముందు. హాల్లో దోమల చుట్ట, అగరువత్తి పొగ రోజూ ఉంటే లెన్స్ మీద పలచటి పొర కట్టేస్తుంది. దూదిపుల్లకి ఐసోప్రొపైల్ అద్ది, నొక్కకుండా తాకించండి. శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, మరక మిగులుతుంది. తుడిచినా మారకపోతే లెన్స్ మార్చుకోండి. కొత్త లెన్స్ మీద స్టాటిక్ నుంచి కాపాడటానికి సీసం చుక్క ఒకటి వేసి ఉంటుంది. లెన్స్ నుంచి బోర్డుకి వెళ్ళే రిబ్బన్ వైరు తగిలించాక అది తీసెయ్యాలి, లేకపోతే కొత్తది కూడా ఏమీ చదవదు.

పెళ్ళి డీవీడీలొక్కటే ఇలా చేస్తే తప్పు చాలాసార్లు డిస్కుది. మీద అంటించిన ఫోటో కాగితం వేడికి ముడుచుకుని డిస్కుని వంచుతుంది, తిరిగేటప్పుడు ఊగుతుంది. కాగితం పీకకండి, దాంతో పాటే పైపొర లేచిపోతుంది. కంప్యూటర్ డ్రైవులో నిదానంగా కాపీ తీసుకోండి.

లక్షణం: డిస్కు తిరుగుతుంది, బొమ్మ రాదు

సెట్టు బాగుంది. ప్రోగ్రెసివ్ స్కాన్ అనే వేరే వీడియో పద్ధతిలోకో హెచ్‌డీఎంఐలోకో మారి ఉంటుంది, పసుపు వైరు పెట్టిన పాత టీవీలో అది కనపడదు. డిస్కు తీసేసి రిమోట్ మీద వీడియో మోడ్ బటన్ నొక్కుతూ పోతే ఒకచోట బొమ్మ వస్తుంది. నలుపు తెలుపులో వస్తే రంగు పద్ధతి (పాల్, ఎన్‌టీఎస్‌సీ) మార్చండి. కువైట్ నుంచో అమెరికా నుంచో పిల్లలు తెచ్చిన డిస్కు ఒక్కటే ఆడనంటే అది రీజియన్ కోడ్, అంటే ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే నంబరు. మనది 5, గల్ఫ్ 2, అమెరికా 1.

లక్షణం: అసలు వెలగదు, లేదా స్టాండ్‌బై లైటు ఆరుతూ వెలుగుతుంది

సప్లై బోర్డులో తల ఉబ్బిన కండెన్సర్లు చూడండి. అంతే మైక్రోఫారడ్లు, అంతే లేదా కాస్త ఎక్కువ వోల్టు, 105 డిగ్రీల వేడి తట్టేవి వెయ్యండి. వెనక గాలి కన్నాల్లోంచి బల్లి దూరి సప్లై మీద చచ్చి ఉండడం మన ఇళ్ళల్లో మామూలే, ఫ్యూజు పోతే ముందు అది వెతకండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ళ సెట్లయితే ఉప్పుగాలికి రిబ్బన్ కొసలు నల్లబడతాయి. తీసి, మెత్తటి రబ్బరుతో రుద్ది, తిరిగి గుచ్చితే చాలాసార్లు అంతటితో సరి.

మెయిన్ బోర్డు చిప్పు పోవడం, డిస్కు తిప్పే మోటారు కాలిపోవడం ఉన్నాయి గానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్ళండి.

రిపేరుకి తెచ్చేటప్పుడు లోపల డిస్కులు ఉంచొద్దు. బస్సు కుదుపుకి డిస్కు పళ్ళెం కిందకి జారితే ట్రే బిగుసుకుపోతుంది. అప్పటికే అలా బిగుసుకుని ఉంటే స్క్రూడ్రైవరుతో ట్రే లాగకండి, మూత విప్పి డిస్కుని పైనుంచి తీయించండి.